ఉపగ్రహములును సాక్ష్యమును

మన శాస్త్రకారులు జ్ఞానమునకు సాధనములను జెప్పుచు ప్రత్యక్షమును మొదట నిలిపిరి. అనుమానమును తరువాత జెప్పిరి. ఆప్తవాక్యమును వేరొక ప్రమాణముగా నంగీకరించిరి. తర్కము కొంచెమైనను చదివినవారు ఈ క్రమము నెరుగుదురు. కాని ఇందొక చిక్కు కలదు. ఒకడు కన్నులార జూచినది వానికి ప్రత్యక్షమే యగుగాక. వినువారికి మాత్ర మది వాని మాటయే కదా! ఆ చెప్పినవాడు నమ్మదగినవాడో కాడో, నమ్మదగినవాడైనను భ్రమపడెనో లేదో తేల్చుట యెట్లు? పెద్దవాడు చెప్పినాడు గనుక నమ్ముడనుట యొక పద్ధతి. ఎవరు పరీక్షించినను తేలునట్లు సాక్ష్యమును నిలుపుట వేరొక పద్ధతి. మొదటి పద్ధతినుండి రెండవ పద్ధతికి మానవుడు నడచివచ్చిన దారి, గ్రహముల చుట్టు దిరుగు చిన్న చంద్రుల చరిత్రలో గనబడినంత స్పష్టముగా మరియొకచోట గనబడదని మా యభిప్రాయము.

నేడు సామాన్య గృహస్థుడు తన పెరటిలో చిన్న దూరదర్శినిని నిలిపి, దానికి కెమెరా తగిలించి, గురుగ్రహముయొక్క నాలుగు పెద్ద చంద్రులను ఛాయాచిత్రము తీయగలుగుచున్నాడు. చూచువారికి ఇది పొద్దుపోక వేడుకగా దోచును. కాని యా చిత్రము వెనుక నాలుగువందల యేండ్ల వివాదమును, పరీక్షయు, పొరపాటును, దిద్దుబాటును గలవు. ఆ కథను సంగ్రహముగా జెప్పి, కడపట మా పెరటిలో మాకే కలిగిన యొక పరాభవమును గూడ దాచక చెప్పెదము.

1610వ సంవత్సరము జనవరి 7వ తేదీ రాత్రి, ఇటలీ దేశమందలి పాడువా పట్టణమున, గెలీలియో తాను చేసికొన్న దూరదర్శినిని గురునివైపు త్రిప్పెను. గ్రహమునకు చేరువగా మూడు చుక్కలు ఒకే వరుసలో గనబడెను. అవి స్థిరనక్షత్రములే యని మొదట ననుకొనెను. మరునాటి రాత్రికి వాని వరుస మారియుండెను. 13వ తేదీని నాలుగవ చుక్కయు గనబడెను. గురుడు ఆకాశమున సాగినకొలది అవియు వెంట సాగుచు, అతని యిరుప్రక్కలను చోటు మార్చుకొనుచుండుట చూచి, అవి నక్షత్రములు గావనియు, గురుని చుట్టు దిరుగు చంద్రులనియు నిశ్చయించెను. మార్చి నెలలో ఆ సంగతిని, రాత్రి రాత్రికి గీసికొన్న పటములతోగూడ, చిన్న లాటిన్ గ్రంథముగా ప్రకటించెను. సమస్తమును భూమి చుట్టే తిరుగుచున్నదని బోధించు పండితులకు ఇది పిడుగుపాటు వంటిదాయెను.

కొందరు దూరదర్శినిలో కన్ను పెట్టుటకే యొప్పుకొనలేదు. పాడువా విద్యాపీఠమున తత్త్వశాస్త్రము బోధించిన క్రెమొనీని యట్టివారిలో నొకడు. వీరిని మూర్ఖులని త్రోసివేయుట సులభము. కాని యది పూర్ణన్యాయము కాదు. ఆ యేప్రిలు నెలలో గెలీలియో బొలోన్యా పట్టణమునకు బోయి, ఇరువదిమందికి పైగా విద్వాంసులకు గురుని చంద్రులను జూపబోయెను. చూచినవారు తృప్తిపడలేదు. ఆనాటి కటకములు మసకవి. వానిలో గనబడు ఆకాశభాగము మిక్కిలి యిరుకు. ఒక్క నక్షత్రమే రెండుగా గనబడెనని అచ్చట నున్న యొకడు వ్రాసెను. పరికరము లేనిదానిని కల్పించి చూపుచున్నదేమో యని సందేహించుటలో తప్పులేదు. సందేహించి పరీక్షింపకుండుటయే తప్పు.

ఆ పరీక్షను చక్కగా జేసినవాడు కెప్లరు. ఆయన 1610 ఆగస్టు చివరినుండి సెప్టెంబరు మొదటి దినములవరకు ప్రాగ్ నగరమున, కొలోన్ ప్రభువునొద్ద నుండిన దూరదర్శినిని ఎరవు తీసికొని, మిత్రులతో గూడి గురుని జూచెను. అప్పుడాయన యొక నియమము పెట్టెను. చూచిన ప్రతివాడును తనకు గనబడినదానిని ఇతరుల కెరుకపరుపక సుద్దతో గీయవలెను. అందరును గీసిన పిదపనే ఆ గీతలను సరిపోల్చవలెను. ఈ నియమమెంత చిన్నది! ఎంత గొప్పది! ఇందు పెద్దవాని మాట విని చిన్నవాడు తల యూపుటకు తావులేదు. గీతలు కలసినచోట సాక్ష్యము నిలిచెను. ఎవని పాండిత్యముతోను పనిలేకపోయెను.

ఇట్లు నిలిచిన సాక్ష్యము ఫలింపక పోలేదు. ఆ నాలుగింటిలో గురునికి మిక్కిలి చేరువగా దిరుగు అయో యను చంద్రుడు గురుని నీడలో మరుగుపడు వేళలను గుణించి, 1676లో రోమరు అను డెన్మార్కు దేశీయుడు, కాంతి ప్రయాణమునకును కాలము పట్టునని చూపెను. గ్రహణమునకు నీడయే కారణమని మన ఆర్యభటుడు 499లోనే వ్రాసియుండెను. ఆ నీడల యాటను గురుని చంద్రులయందు వారమునకు పలుమార్లు చూడవచ్చును. అచ్చట రాహువునకును గేతువునకును పనియే లేదు.

కాని కన్నును నమ్ముటలో గల అపాయము దూరదర్శినులు పెద్దవైనంత మాత్రమున తీరలేదు. విలియం హెర్షెల్ సంగీతము నేర్పి జీవించినవాడు. 1781లో ఇంగ్లండు దేశపు బాత్ పట్టణమున తన యింటి తోటలోనుండి యురేనస్ గ్రహమును గనిపెట్టెను. 1787 జనవరి 11న దానికి గల రెండు చంద్రులను జూచెను. అవి నిజమైనవి. తరువాత మరి నాలుగింటిని జూచితినని ప్రకటించెను. అవి లేనివి. ఆయన అబద్ధమాడలేదు, దూరపు నక్షత్రములు ఆయన కన్నును మోసగించెను. కాని ఆయన కీర్తి గొప్పది గనుక, యురేనస్‌కు ఆరు చంద్రులు గలవని పుస్తకములు చాలకాలము చెప్పుచు వచ్చెను. పేరు ప్రమాణమైనచోట పొరపాటునకును దీర్ఘాయువు కలుగును.

ఆ లెక్కను దిద్దినవారిలో ముఖ్యుడు విలియం లాసెల్. ఇతడు విద్యాపీఠమునకు జెందినవాడు కాడు. లివర్‌పూల్ పట్టణమున బీరు కాచి యమ్ము వర్తకుడు. వ్యాపారమున గడించిన ధనముతో 24 అంగుళముల దర్పణమును తానే మెరుగుపెట్టి, తన యింటనే వేధశాలను గట్టుకొనెను. 1846 సెప్టెంబరు 23న నెప్ట్యూన్ గ్రహము కనబడిన వార్త వచ్చెను. పదునేడు దినములకే, అక్టోబరు 10న, లాసెల్ దాని పెద్ద చంద్రుడైన ట్రైటన్‌ను జూచెను. 1851లో యురేనస్‌కు ఏరియల్, అంబ్రియల్ అను వేరు రెండు చంద్రులను గనిపెట్టెను. ఇట్టివాడును భ్రమపడెను. నెప్ట్యూన్ చుట్టు శనికున్నట్టి వలయ మొకటి కనబడుచున్నదని ఆయన కొన్నియేండ్లు నమ్మెను. కాని దూరదర్శినిని త్రిప్పినకొలది ఆ వలయపు వాలును మారుచుండుట చూచి, అది పరికరపు దోషమని తానే తెలిసికొనెను. తన కన్నును తానే అడ్డుప్రశ్న లడిగినవాని ధైర్యము సామాన్యమైనది కాదు.

ఇక నీ చరిత్రలో మాకు మిక్కిలి ప్రియమైన పురుషుని గూర్చి చెప్పవలసియున్నది. ఎడ్వర్డ్ బార్నార్డ్ 1857లో అమెరికాయందలి నాష్‌విల్ పట్టణమున బుట్టెను. పుట్టుటకు ముందే తండ్రి గతించెను. తల్లి పేదరికముతో పెంచెను. బడికి బోయినది కొలది మాసములే. తొమ్మిదేండ్లు నిండునప్పటికే ఒక ఛాయాచిత్రశాలలో కూలికి జేరెను. ఆ కాలమున చిత్రములను పెద్దవి చేయుటకు సూర్యకాంతియే యాధారము. మిద్దెపై నున్న పెద్ద యంత్రమును సూర్యుడు కదలినకొలది త్రిప్పుచుండుట ఆ బాలుని పని. ఆ యంత్రమునకు యజమాని పెట్టిన పేరు జూపిటర్, అనగా గురుడు! బాలుడు పెరిగి, తన సంవత్సరార్జనలో పెక్కుభాగము వెచ్చించి, అయిదంగుళముల దూరదర్శినిని గొని తోకచుక్కలను వెదకుచు పేరుగాంచెను.

1892 సెప్టెంబరు 9వ తేదీ రాత్రి, కాలిఫోర్నియాలోని లిక్ వేధశాలయందు, 36 అంగుళముల కటకము గల దూరదర్శినిలో కన్నుంచి, గురుని కాంతి కంటబడకుండ గ్రహమును దృష్టిక్షేత్రమునకు వెలుపల నిలిపి, బార్నార్డు గురుని అయిదవ చంద్రుని గనిపెట్టెను. గెలీలియోకు పిదప 282 ఏండ్లకు! అమాల్థియా యని పేరొందిన ఆ చంద్రుడు గురుని నంటుకొనియున్నట్లే తిరుగుచు, పండ్రెండు గంటలకు కొంచెము తక్కువలో నొక చుట్టు ముగించును. మానవుడు కంటితో జూచి కనిపెట్టిన కడపటి ఉపగ్రహమదియే. ఛాయాచిత్రశాలలో పెరిగినవాడే కన్నుల యుగమునకు సమాప్తి పలికెను.

తరువాతి పని ఛాయాగ్రాహక ఫలకముది. 1898 ఆగస్టున దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున అరెకీపా వేధశాలలో దీసిన గాజుపలకలను పరీక్షించి, 1899లో విలియం పికరింగ్ శనికి ఫీబీ యను తొమ్మిదవ చంద్రుని ప్రకటించెను. చిత్రము చూచి కనిపెట్టిన మొదటి ఉపగ్రహ మిది. కన్ను క్షణముసేపు చూచినదానిని మరుక్షణము మరచును. పలక గంటలకొలది కాంతిని కూడబెట్టుకొనును; కూడబెట్టినదానిని నూరేండ్లైనను పదిలముగా నుంచును; ఎవడు వచ్చి యడిగినను అదే సమాధానము చెప్పును. కెప్లరు సుద్దగీతల నియమమునకు ఇంతకంటె గట్టి యాధారము దొరకలేదు. 2025 నాటికి శనికి 274 చంద్రులు లెక్కకు వచ్చినవన్నచో, ఫీబీకి పిమ్మట దొరికినవన్నియు చిత్రముల చలువయే.

అయినను చిత్రము తీసినంత మాత్రమున సత్యము చేతికి జిక్కదు. ఆ పికరింగే 1905లో, పదుమూడు పలకలలో గనబడినదని చెప్పి, థెమిస్ అను పదియవ చంద్రుని ప్రకటించెను. ఫ్రెంచి పండిత పరిషత్తు ఆ రెండు చంద్రులను బేర్కొని బహుమానము నిచ్చెను. కాని థెమిస్ మరి యెవరికిని కనబడలేదు. అట్టి చంద్రుడు లేడు. పలక అబద్ధము చెప్పలేదు. చదివినవాడు తప్పు చదివెను.

దీనికి ప్రతిగా వేరొక యుదాహరణము చెప్పెదము. 1978 జూన్ 22న అమెరికా నౌకాదళ వేధశాలలో జేమ్స్ క్రిస్టీ, ప్లూటో చిత్రములను గొలుచుచుండెను. ఆనాడు ప్లూటో తొమ్మిదవ గ్రహముగా నెంచబడుచుండెను. 2006లో దానిని మరుగుజ్జు గ్రహముల పంక్తికి మార్చిరి. ఆ చిత్రములలో ప్లూటో బింబము ఒకప్రక్కకు ఉబ్బియుండెను. పనికిరాని పలకలని వానికి ముందే గుర్తు పెట్టబడియుండెను. క్రిస్టీ వానిని త్రోసివేయలేదు. చుట్టునున్న నక్షత్రములు గుండ్రముగానే యున్నవి. ప్లూటోయే యేల ఉబ్బెను? పాత పలకలను దీసి చూడగా 1965లోని దానియందును అట్టి ఉబ్బే కనబడెను. ఆరు దినములకు కొంచె మెక్కువ కాలములో ఆ ఉబ్బు గ్రహము చుట్టు తిరిగివచ్చుచుండెను. అది షారన్ అను చంద్రుడు. పదుమూడేండ్లుగా పలక చెప్పుచున్న సాక్ష్యమును విన్నవాడు లేకపోయెను. అడిగినవాడు వచ్చినంతనే అది పలికెను.

మన తెలుగునాట నిట్టి శ్రద్ధ లేకపోలేదు. విశాఖపట్టణమున గోడె వెంకట జగ్గారావుగారు 1840వ సంవత్సర ప్రాంతమున తమ సొంత ధనముతో వేధశాలను నెలకొల్పిరి. వారి యల్లుడు అంకితము వెంకట నరసింగరావుగారు దానిని పెంపొందించి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమును దాటుటను ఆరంగుళముల దూరదర్శినితో పరిశీలించిరి. నేడు పెరటి ఖగోళాభిమానులు కొనునదియు ఇంచుమించు నంతటి దూరదర్శినియే యని చదువరులు గుర్తింపవలెను. ఛాయాచిత్రముల విషయమున హైదరాబాదునకు గౌరవస్థానము కలదు. 1901లో నవాబు జఫర్ జంగు స్థాపించిన నిజామియా వేధశాల, ఆకాశమంతయు పలకలపై కెక్కించు అంతర్జాతీయోద్యమమున బాలుపంచుకొని, ఎనిమిదంగుళముల ఛాయాగ్రాహక దూరదర్శినితో తన పాలి భాగమును జిత్రించి, లక్షలకొలది నక్షత్రముల స్థానములను సంపుటములుగా ప్రకటించెను.

ఇక పెరటి పనికి వచ్చెదము. భూమి తిరుగుటచే గ్రహము దృష్టినుండి జారిపోకుండ, దూరదర్శినిని మెల్లగా త్రిప్పు యంత్రపీఠము కావలెను. కెమెరా కన్నును సెకనులో నూరవవంతు తెరచినచో గురుని పట్టీలు చక్కగా గనబడును, చంద్రులు కనబడకపోవచ్చును. ఎక్కువసేపు తెరచినచో చంద్రులు వెలుగుదురు. గురుడు తెల్లని ముద్దయగును. గాలి చలనముచే బింబము వణకుచుండును గావున, వేలకొలది చిత్రములను వెంటవెంట దీసి, మేలైనవానిని కంప్యూటరులో నొకటిపై నొకటి పేర్తురు. శని చంద్రులలో టైటన్ ఆరంగుళముల దూరదర్శినికి సులభముగా జిక్కును. రియా, టెథిస్, డయోనీలు కొంత యోర్పుతో జిక్కును. ట్రైటన్‌కు ఇంకను పెద్ద దర్పణమును, ఎక్కువ కాలమును వలయును. కుజుని రెండు చిన్న చంద్రులు గ్రహకాంతిలో మునిగియుండుటచే మిక్కిలి కష్టసాధ్యులు.

కావున చక్కని గురుని, చక్కని చంద్రులను ఒకే చిత్రమున జూపదలచినవాడు రెండు చిత్రములను కలుపవలసియుండును. కలుపుట దోషము కాదు. కలిపితినని క్రింద వ్రాయకుండుట దోషము. చిత్రము సాక్షియైనచో, సాక్షిని దిద్ది నిలబెట్టినవాడు ఆ దిద్దుబాటును ఒప్పుకొనవలెను.

పెరటి చిత్రము పెద్ద వేధశాలకు సహాయపడిన దినములును గలవు. 2009 జూలై 19న ఆస్ట్రేలియాయందలి మరంబేట్‌మన్ గ్రామమున ఆంథొనీ వెస్లీ తన పెరటి దూరదర్శినితో గురుని చిత్రించుచుండగా, దక్షిణ ధ్రువము చెంత నల్లని మచ్చ యొకటి కనబడెను. చంద్రుని నీడయేమో యని మొదట ననుమానించెను. కాని యా వేళకు అచ్చట పడవలసిన నీడ యేదియు లేదు. రెండు రాత్రుల క్రిందటి తన చిత్రములలో ఆ మచ్చయు లేదు. ఆయన వెంటనే నలుగురికి దెలిపెను. హవాయి ద్వీపములోని పెద్ద దూరదర్శిని పరీక్షింపగా, ఏదియో యాకాశశిల గురుని ఢీకొన్నదని తేలెను. ముందటి చిత్రములను పదిలపరచుకొనుటయే ఆయనకు తోడ్పడిన సాక్ష్యము.

ఇప్పుడు మా పరాభవము. కొన్నియేండ్ల క్రిందట మా పెరటిలో గురుని చిత్రమొకటి దీసితిమి. గ్రహమునకు ప్రక్కలను నాలుగు చుక్కలకు బదులు అయిదు చుక్కలు, ఇంచుమించు ఒకే వరుసలో, కనబడెను. బార్నార్డు కథ చదివియుంటిమి. అయిదవది అమాల్థియాయే యని యుప్పొంగి, చిత్రమును పెద్దదిగా నచ్చొత్తించి, అట్లే పేరు వ్రాసి పాఠశాల గోడకు దగిలించితిమి. తోడి యుపాధ్యాయులు మెచ్చుకొనిరి. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె మాత్రము చిత్రము నొద్ద చాలసేపు నిలిచి, మెల్లగా, “మాస్టారండీ, ఆ చంద్రుడు పండ్రెండు గంటలలోనే చుట్టి వచ్చునని మీరే చెప్పితిరి కదా. అంత వేగముగా దిరుగునది గురుని దగ్గర నుండవలెను గాని, అన్నిటికంటె దూరముగా నేల యున్నది?” అని యడిగెను.

చదువరులారా! కెప్లరు నియమమును బోధించు మేము ఆ బాలికకు ఏమి సమాధానము చెప్పితిమో వినుడు. “పెద్దవారు చెప్పినప్పుడు వినవలెనమ్మా” యంటిమి! ఆమె తల వంచుకొని వెడలిపోయెను. ఆ రాత్రి యింట నీ సంగతి చెప్పగా, మా గృహిణి, “ఆ పిల్ల యడిగినదానిలో తప్పేమున్నదండీ? మేడమీద మబ్బులు లేవు. మరల తీసి చూడరాదా?” యనెను. సిగ్గుపడి పెరటిలోనికి బోతిమి. చిత్రము తీసి రెంటిని ప్రక్కప్రక్కన బెట్టి చూడగా, గురుడు తన నలుగురు చంద్రులతో ముందునకు సాగిపోయియుండెను. మా అయిదవ చంద్రుడు వెనుక మిగిలిపోయెను. అది యొక నక్షత్రము! 1610లో గెలీలియో ఏ పరీక్షచే చంద్రులను నక్షత్రములనుండి వేరుచేసెనో, ఆ పరీక్షనే మేము చేయక మరచితిమి.

బాలిక చేసినది అనుమానము. రెండవ రాత్రి చిత్రము ప్రత్యక్షము. ఈ రెంటికిని అడ్డుగా మేము నిలిపినది మా పెద్దరికము. మన యిండ్లలో ఎన్ని ప్రశ్నలు, ముఖ్యముగా నాడుపిల్లల ప్రశ్నలు, ఇట్లే తల వంచుకొని వెడలిపోవుచున్నవో ఎవరు లెక్కింపగలరు? పిల్లలకు దూరదర్శిని కొనియిచ్చుట మంచిదే. కాని దానిలో వారు చూచినది మన మాటకు విరుద్ధమైనప్పుడు వినగలిగినగాని ఆ కొనుగోలు వలన ప్రయోజనము లేదు.

మరునాడు తరగతిలో అందరి యెదుటను ఆ బాలికను పిలిచి, తప్పు మాదని చెప్పితిమి. మొదటి చిత్రమును గోడనుండి తీసివేయలేదు. దాని ప్రక్కన రెండవ చిత్రమును దగిలించి, రెంటి తేదీలను, వేళలను వ్రాసితిమి. అయిదవ చుక్క క్రింద మేము వ్రాసిన పేరును కొట్టివేసి, ఆ బాలిక తన చేతివ్రాతతో, “ఇది నక్షత్రము, చంద్రుడు కాదు” అని వ్రాసెను. ఆ రెండు చిత్రములు నేటికిని అచ్చటనే యున్నవి.